మూత తీయని బుట్ట

2023 ఎండాకాలం, మణుగూరు. బొగ్గు గనిలో ఉద్యోగం విరమించి అప్పటికి చాలా కాలమైంది. కథలు రాయడమే నా పని. బడిలో చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా గని క్యాంటీన్లో, గ్రంథాలయం బల్లల మీద నాకు నేను చెప్పుకున్నదే. అందుకేనేమో, నా వాక్యం మీద ఎవడైనా చెయ్యి వేస్తే ఒళ్లు మండుతుంది. ఇరవై ఎకరాలున్నవాడు గట్టు కాస్త జరిగినా చూసీ చూడనట్టు పోతాడు. నాకున్నది ఈ చిన్న చెలకే.

నేను పనిచేసే తీరు ముందు చెప్పాలి. కథను కాగితం మీద పెట్టకముందు బస్టాండు పక్క హోటల్లో నోటితో చెబుతాను. వినేవాడి చెయ్యి సెల్‌ఫోన్ మీదికి పోయిందంటే కథ అక్కడ సాగతీతగా ఉందని లెక్క. ఆ ముక్క కోసేస్తాను. అయితే క్లైమాక్స్, అంటే ముడి విడిపోయే చోటు, ఎవరికీ చెప్పను. అచ్చులో చదువుకొమ్మంటాను.

ఆ రోజుల్లో చెబుతున్న కథ ఇది. గోదావరి పొంగి ఊరు ఖాళీ చేయిస్తున్నారు. ఒక ముసలామె మూత పెట్టిన వెదురుబుట్ట ఒళ్లో పెట్టుకొని పడవెక్కుతుంది. ఎవరినీ ముట్టుకోనివ్వదు. బంగారమని ఒకరు, కోడి అని ఒకరు అనుమానిస్తారు. చివరికి పడవవాడు మూత మీద చెయ్యి వేస్తాడు. అక్కడ ఆపి నేను టీ తాగేవాణ్ణి. నా కొత్త సంపుటికి ఆ కథ పేరే పెట్టాం. ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి పంపే కాగితాలు, రావలసి ఉంది.

ఇంతలో ఒక వారపత్రికలో అదే కథ వచ్చింది. అదే పడవ, అదే బుట్ట. రాసింది సునీత అనే అమ్మాయి. దుమ్ముగూడెం వైపు ఆశ్రమ పాఠశాలలో టీచరట, ఇదే మొదటి కథట. సగం చదివి పత్రిక విసిరికొట్టాను. నా సొత్తు దొంగ ఇంట్లో ఎట్లా ఉందో చివరిదాకా చూడటానికి మనసొప్పలేదు. సంపాదకుడికి ఫిర్యాదు రాసి కవరు అంటించాను. అది చేరితే ఆ అమ్మాయి కథ మళ్లీ ఆ పత్రికలో రాదు, ఇంకొక పత్రిక కూడా ధైర్యం చేయదు. ఆ సంగతి తెలిసే రాశాను.

పంపేముందు సరుకు చేరవేసినవాడెవడో తేల్చుకోవాలనిపించింది. హోటల్లో వినేవాళ్లందరినీ వరుసగా అనుమానిస్తూ పోయి, భద్రాచలం బస్సు కండక్టర్ యాదగిరి దగ్గర ఆగాను. నా కథ ఎవరికి చెప్పావని నిలదీశాను.

"బస్సెక్కినోళ్లందరికి చెప్పిన," అన్నాడు ఏమాత్రం దాచకుండా. "టికెట్లు కొట్టుడు అయిపోయినంక భద్రాచలం దాక నాకేం పని?"

"బుట్టల ఏమున్నదని అడిగితె?"

"మీరు చెప్పకపోతిరి గద పెద్దాయనా. ఎవలికి తోచింది వాళ్లు చెప్పుకున్నరు. ఒకాయన పామన్నడు."

నా ముసలమ్మ బుట్టలో పాము! కవరు జేబులో పెట్టుకొని అదే బస్సెక్కాను.

భద్రాచలంలో దిగి, బడి పేరు చెప్పి అడుగుతూ పోతే సునీత వాళ్ల ఊరు దొరికింది, గోదావరికి దగ్గరే. బడికి సెలవులు కాబట్టి ఇంట్లోనే ఉంది. నా పేరు చెప్పగానే మీ కథలు చదివాను సార్ అంది. సంతోషపడాల్సిన మాటే గానీ నాకు ఆధారం దొరికినట్టనిపించింది. లోపలినుంచి వాళ్ల నానమ్మ వచ్చి వాళ్ల భాషలో మనవరాలితో ఏదో అంది. ఇద్దరూ ఒక మాట మీదికి వస్తున్నారనుకున్నాను. ఏమందని అడిగితే, వరద సర్వేకు వచ్చినవాడివా అని అడుగుతోందని చెప్పింది సునీత.

కాదు, కథ కోసం వచ్చానన్నాను. ఆ కథ నాదన్నాను. అమ్మాయి ముఖం వాడిపోయింది. నానమ్మ చెప్పిందే రాశానంది. ముసలామె ఈసారి తెలుగులోనే అందుకుంది.

"నీ కథేంది? అది మా వదిన ముచ్చట. మా ఇంటి సంగతి నీకెవలు చెప్పిండ్రు?"

దొంగను పట్టుకుందామని వెళ్లినవాణ్ణి నేనే దొంగలా నిలబడ్డాను. పోలీసు ప్రశ్నలు మొదలుపెట్టాను. బుట్ట మీద ఏం కప్పింది? నా కథలో ఎర్ర చీరముక్క. టేకాకులు అని తడుముకోకుండా చెప్పింది. నమ్మలేదు. కథ ఎత్తుకుపోయినవాళ్లు ముందు మార్చేది అలాంటి ఆనవాళ్లనే.

"మరి బుట్టల ఏమున్నది?" అన్నాను.

"ఏం లేదు. ఉత్త బుట్ట," అంది. "అందరు ఏదో ఒకటి పట్టుకొని పడవెక్కిండ్రు. ఆమె ఇంట్ల తెచ్చుకునేటందుకు ఏం లేకుండె. ఉత్త చేతులతోని ఎట్ల ఎక్కాలని బుట్ట తెచ్చుకున్నది. పడవాయన మూత తీసిండు. ఇగ ఒడ్డెక్కేదాక మా వదిన తలెత్తలే."

మీ కథలో ఏముంది సార్ అని సునీత అడిగింది. అంతకాలం ఎవరికీ చెప్పని ముగింపు వాళ్లు వేసిన మంచం మీద కూర్చొని చెప్పాల్సి వచ్చింది. పొయ్యి రాళ్లు అన్నాను. ఇల్లు పోయినా పొయ్యి మిగలాలని ఆమె ఆరాటం అని వివరించాను కూడా.

ముసలామె నవ్వింది. "గోదారి మీదికొస్తుంటె రాళ్లు మోస్తరా ఎవలన్న?"

మనవరాలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలోనే నా జేబులోని కవరు మీద పత్రిక పేరు చూసినట్టుంది, నవ్వు పోయింది.

"పంపితె పంపుండ్రి సార్. నన్ను ఏమన్న అనుండ్రి. మా నానమ్మ అబద్ధం చెప్పిందని మాత్రం రాయకుండ్రి."

తిరుగు బస్సులో యాదగిరి దగ్గర టికెట్ తీసుకొని వెనక సీట్లో కూర్చున్నాను. బస్సులో చెప్పిన కథే ఆ ముసలామె చెవిన పడి వదిన ముచ్చటయిందా? ఆ వదిన ముచ్చటే ఎప్పుడో, ఎవరి నోటనో నా చెవిన పడి కథయిందా? ఈరోజుకూ తేలలేదు. ముసలామెను పూర్తిగా నమ్మానని చెప్పను. నన్ను నేను నమ్మడం కూడా కష్టంగానే ఉంది. ఇంటికొచ్చి, విసిరికొట్టిన పత్రిక వెతికి సునీత కథ చివరిదాకా చదివాను. తర్వాత నా క్లైమాక్స్ మళ్లీ రాయబోయాను. పడవవాడు మూత తీసిన ప్రతిసారీ బుట్ట ఖాళీగానే ఉంది. నా రాళ్లు పాఠకుడి మెప్పు కోసం నేను మోసుకొచ్చి పెట్టినవని అప్పుడు తెలిసింది. మనుషుల మీద అనుమానం నాకిప్పటికీ పోలేదు. కానీ ఇప్పుడు ఏ కథ ముగించినా ముందు ఆ ముగింపునే నిలదీస్తున్నాను.

కవరు చింపేశాను. ప్రూఫులు రాగానే ఆ కథ తీసేయమని ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. అతను గొంతు తగ్గించి, ఎవరిదైనా చూసి రాశారా, తర్వాత గొడవవుతుందా అని అడిగాడు.

"ముందు రాసింది నేనే," అన్నాను. "మంచిగ రాసింది ఆ పిల్ల. తీసెయ్యి."