చదివి పెట్టండి సంతకం

మా ఊళ్లో వరిచేను తవ్వి రొయ్యల చెరువు చేసుకోవాలంటే ముందు సరిహద్దు రైతులకు నోటీసు ఇవ్వాలి. ఆ కాగితాలు ఇంటింటికీ తిప్పేది మా తలారి. పెన్ను మూత తానే తీసి ఇస్తూ అందరితోనూ ఒకటే మాట అనేవాడు: "చదివి పెట్టండి బాబూ సంతకం."

మేం చదివేవాళ్లం కాదు. అడిగినవాడు తెలిసినవాడే, కాదనడం దేనికని బండి సీటు మీదే గీకేసేవాళ్లం. బాల్‌పెన్ రాతే అయినా, ఆరాలన్నట్టు ఊది, మడిచి తీసుకెళ్లేవాడు.

మొన్న సార్వా నాట్లకు ముందు మా అరుగు మీద కూలబడి నా కళ్లజోడు అడిగాడు.

"ఈసారి ఎవరికి బాబాయ్?" అన్నాను.

"నాకేనండి. నా అరెకరం పక్కది తవ్వుతారంట."

వేలు పెట్టి మొత్తం పైకే చదివాడు. అభ్యంతరం ఉంటే గడువులోగా రాసివ్వవచ్చని అందులో ఉన్నట్టు నాకు అప్పుడే తెలిసింది.

"అయితే వద్దని రాసెయ్యి. ఉప్పునీళ్లు ఊరితే నీ అరెకరం పండదు."

"మీ గట్ల మీదుగా ఒక్కో చెరువే నా దాకా వచ్చిందండి. ఆ సంతకాలన్నీ నేనే మోశాను. ఇప్పుడు నేనొక్కణ్ణి వద్దంటే ఆగుద్దేంటండీ?" అంటూ పెన్ను మూత తీశాడు.

సంతకం మీద ఊది, కళ్లజోడు తుడిచి నా చేతిలో పెట్టాడు. చదివి పెట్టిన సంతకం నేను చూసింది అదొక్కటే.