అవ్వ ముత్యపు చిప్పల హారం

ఇప్పుడు నేను పనిచేస్తున్న రియాద్ ఇంట్లో చిన్నపిల్లకు మొన్న బడిలో పాతకాలపు వేషాల సందడి. కుట్టుపని చేసిన నల్లగౌను, మెడలో బజారులో కొన్న హారం. వెనక కొక్కెం పెట్టమని నా ముందుకొచ్చి నిలబడింది. హారం చేతిలోకి తీసుకోగానే ఆ తెల్లబిళ్లలు ప్లాస్టిక్‌వని తెలిసిపోయింది. కొక్కెం పెట్టి, చాలా బాగుందన్నాను. నా అరబ్బీకి ఆ పిల్ల ఎప్పటిలాగే పకపకా నవ్వింది. ఈ ఇంట్లో నా అరబ్బీ అందరికీ వేడుకే. ఒంటెలు తోలే ముసలమ్మ మాట్లాడినట్టు ఉంటుందట. ఉండదా మరి? నాకది నేర్పింది ఒంటెలు తోలిన ముసలమ్మే.

కడప జిల్లా నుంచి నేను మొదట వచ్చింది సౌదీలోని ఎడారి పట్టణం హఫర్ అల్ బాతిన్‌కు. నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ తల్లిని చూసుకోవడం పని. ఆమెకు చూపు దాదాపు పోయింది. నల్లటి గుడారాల్లో పుట్టి పెరిగిన మనిషి కావడంతో ఏసీ చప్పుడును దయ్యాన్ని తిట్టినట్టు తిట్టేది. కాఫీలో ఏలకులు తగ్గితే గుక్కెడు కూడా మింగేది కాదు. మా ఊరి అలవాటు కొద్దీ నేను ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమె అది నా పేరనుకుని నన్నే అవ్వా అని పిలవడం మొదలుపెట్టింది. కాదని చెప్పేంత అరబ్బీ నాకు వచ్చేసరికి ఆ పిలుపు ఇద్దరికీ అలవాటైపోయింది. అలా ఆ ఇంట్లో చాలాకాలం ఇద్దరు అవ్వలం ఉన్నాం.

శుక్రవారం స్నానం అయ్యాక అవ్వ తన పెట్టె తెమ్మనేది. తాళం నా నడుముకు తానే కట్టింది. పెట్టెలో వెండి హారం ఉండేది. మన కాసులపేరంత పొడుగు, అంతకు నాలుగింతల బరువు. అడుగున వరసగా మువ్వలు, మధ్యమధ్య వెండిలో పొదిగిన ముత్యపు చిప్ప బిళ్లలు. చేత్తో అరగదీసినవి కనుక ఒకదానిలా ఇంకొకటి ఉండదు. పెళ్లికి వాళ్ల నాన్న ఒంటెనిచ్చి సముద్రపు ఒడ్డువాళ్ల దగ్గర చిప్పలు తెచ్చాడట, సంతలో కంసాలి వారాల తరబడి కూర్చుని చేశాడట. ఒక బిళ్ల అంచు విరిగి ఉండేది. అది ఆమె కొడుకు, అంటే నా కఫీల్, చంటిబిడ్డగా ఉన్నప్పుడు కొరికిన చోటు. ఒక్కో బిళ్లనూ పెదవికి ఆనించుకుని, "ఎంత ఎండలోనైనా చల్లగానే ఉంటుంది. సముద్రం ఇంకా లోపలే ఉంది" అనేది. సముద్రాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. తాను పోయాక హారాన్ని కరిగించాలనేది. చనిపోయినదాని వెండి ఇంకొక ఆడదాని మెడలో పడకూడదట, కొత్తపెళ్లికూతురికి కొత్త వెండే చేయించాలట.

ఒకసారి కొడుకు మెరుగు పెట్టిస్తానని హారం తీసుకుని రియాద్ వెళ్లాడు. మూడో రోజు తెచ్చి పెట్టెలో పెట్టాడు. కారు తోలింది జగిత్యాల వైపు కుర్రవాడు. ఆ సాయంత్రం సరుకులు దించుతూ వంటింటి గుమ్మం దగ్గర గొంతు తగ్గించాడు.

"అక్కా, మెరుగు లేదు, గిరుగు లేదు. పాత సామాన్ల దుకాన్ల అమ్మేసిండు. గసొంటిదే గిల్టుది కొనుక్కొచ్చి పెట్టిండు."

"అయ్యో, ఆయమ్మ చేత్తో తడిమితే సాలు కదా తమ్ముడా, పట్టుకుంటాది."

"పట్టుకుంటే పట్టుకోనీ. నువ్వైతే నోరు తెరవకు. కఫీల్‌తోని లొల్లి పెట్టుకుంటే మనకు ఖురూజ్ కొట్టరు, ఇంటి మొఖం సూడం."

శుక్రవారం వచ్చింది. అవ్వ ఒక బిళ్లను పెదవికి ఆనించింది. తర్వాత ఇంకొకటి. విరిగిన అంచు కోసం వేళ్లతో హారమంతా వెతికింది. "ఇది నాది కాదు" అంది. కొడుకును పిలిపించింది. అతడు గుమ్మంలోనే నిలబడి, నా వైపు చూడకుండా, "పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటుందమ్మా?" అన్నాడు. ఆ ఇంటి కోడళ్లు ముగ్గురూ నా నడుము వైపు చూశారు. పోలీసులను పిలుస్తానని అతడు ఫోను తీశాడు. అవ్వ చెయ్యెత్తి ఆపి, అందరినీ బయటికి పొమ్మంది.

ఇద్దరమే మిగిలాక, జరిగిందంతా చెప్పేశాను. డ్రైవరు సంగతి మాత్రం దాచి, నా బిడ్డల మీద ఒట్టేశాను. అవ్వ చేత్తో వెతుక్కుంటూ నా ముఖం తడిమి, కన్నీళ్లు తుడిచింది.

"నాకు తెలుసు. మెరుగు పెట్టిస్తానన్నప్పుడే వాడి గొంతు పట్టించింది" అంది.

"అయితే వాళ్లతో చెప్పవ్వా!"

ఆమె హారాన్ని తడుముకుంటూ పెట్టెలో పెట్టి మూత వేసింది.

"నువ్వు వెళ్లిపోతావు బిడ్డా. నీకొక ఊరుంది. నేను ఈ ఇంట్లోనే చావాలి. వాడు దొంగైతే, నేను చచ్చేది దొంగ ఇంట్లో. నువ్వు దొంగవైతే, నా కొడుకు ఇంట్లో చస్తాను."

మర్నాడు కాఫీకి వచ్చిన చుట్టాల ముందు అవ్వ తీర్పు చెప్పింది. పిల్ల తప్పు చేసింది, పేదది, కొట్టొద్దు, పోలీసులొద్దు, టికెట్ కొనిచ్చి ఇంటికి పంపండి అని. ఆడవాళ్లంతా ఆమె మంచి మనసును మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్ల మధ్య ఖాళీ కప్పులు ఎత్తింది నేనే. వారం తిరక్కుండా నా పాస్‌పోర్టులో దేశం వదిలి వెళ్లే ఖురూజ్ ముద్ర పడింది. బయల్దేరేటప్పుడు అవ్వ చెయ్యి చాచింది. నేను పట్టుకోలేదు. నేనెక్కడ నిలబడ్డానో కనిపించక ఆ చెయ్యి అలా గాల్లో అటూఇటూ కదిలింది. నేను సంచి ఎత్తుకుని కారెక్కాను. ఆ చెయ్యి పట్టుకుని ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపించదు.

ఊళ్లో వీసా అయిపోయిందని చెప్పాను. కొన్నేళ్లకు ఇంకొక కఫీల్ మీద రియాద్ వచ్చాను. ఇంకా ఆ ఇంట్లోనే కారు తోలుతున్న జగిత్యాల తమ్ముడు మాత్రం అప్పుడప్పుడూ ఫోను చేస్తుంటాడు. అవ్వ పోయిందని చెప్పింది అతడే. గిల్టుదని తెలిసినా, ఆమె మాట పోకూడదని ఆ హారాన్నే కరిగించడానికి తీసుకెళ్లారట. ఇందులో వెండెక్కడిదని కంసాలి నవ్వాడట. అందరికంటే ఎక్కువగా ఏడ్చింది కొడుకేనట.

"ఇంట్ల పండుగైతే నీ ముచ్చటే అక్కా" అన్నాడు తమ్ముడు. "దొంగతనం జేసిన పనామెను గూడ ముసలమ్మ మాఫ్ జేసిందని పిల్లలకు జెప్తుంటరు. అసొంటి నాయనమ్మ మాకుండె అని ఆ పోరగాండ్లు మురుస్తరు."

కాలం గడిస్తే నిజం దానంతటదే తేలుతుందని ఒకప్పుడు నన్ను నేను ఓదార్చుకునేదాన్ని. గడిచిన ప్రతి ఏడూ ఆ అబద్ధానికే వయసు పెంచింది. ఇప్పుడది ఆ ఇంటి పిల్లలకు తాము పుట్టకముందటి సంగతి. పుట్టకముందటి సంగతులను పిల్లలు నిలదీయరు, నమ్ముతారు.