కొర్రమీను పక్షాన సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయిందని రాములు ఫోన్ చేశాడు. మా ఊరి చేపల సొసైటీకి అతనే ప్రెసిడెంటు. నేను ఖమ్మంలో మా కాలేజీ స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నాను. "అక్కా, సిస్టరమ్మ తెల్లారుగట్ల పోయింది. నిద్రలనే" అన్నాడు. ఇక పెట్టేస్తాడనుకున్నాను. "ఇగ చెరువు సంగతేందక్కా మరి?" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది ఊరటో, దిగులో నాకు తెలియలేదు. భద్రాచలం దాకా ఒక బస్సు, అక్కడినుంచి చర్ల దారి గుంతల్లో ఎగిరిపడుతూ ఇంకో బస్సు. దారంతా ఆ గొంతు గురించే ఆలోచించాను. ఇప్పటికీ తేలలేదు.

ఆమె నాకు చుట్టమేమీ కాదు. పక్కింటావిడ. మధిర దగ్గరి నుంచి మా ఊరి సర్కారు దవాఖానాకు నర్సుగా వచ్చి, రిటైరయ్యాక కూడా వెనక్కి పోకుండా అక్కడే ఉండిపోయింది. మాటలో మాత్రం చివరిదాకా మధిరే. మా ఊళ్లోనూ, అడవి లోపలి గూడేల్లోనూ ఆమె చేతుల్లో పుట్టినవాళ్లు చాలామంది. రాములు కూడా వాళ్లలో ఒకడు.

ఆదివారం చర్చి అయిపోగానే తెల్లచీర మార్చుకుని, వెదురు గాలం భుజాన వేసుకుని చెరువు కట్టకు బయలుదేరేది. పాస్టరుగారు ఒకసారి దారిలో ఆపి, "విశ్రాంతి దినాన కూడా వేటేనా సిస్టర్?" అన్నారు. "ప్రభువు వెంట తిరిగినవాళ్లలో సగంమంది చేపలు పట్టేవాళ్లే కదా అయ్యగారూ. నాలుగు పడితే మీ ఇంటికి ఒకటి పంపిస్తాను, ప్రార్థన చేసుకుని తినండి" అంది. ఆయన మళ్లీ అడగలేదు. చేప మాత్రం తప్పకుండా అందేదని విన్నాను.

ఆమెకు కావలసింది కొర్రమీను ఒక్కటే. మా వైపు కొర్రమట్ట అంటారు. బెండు మునిగితే లేచి నిలబడేది. గాలం తీగ లాగుతూ, "ఇంకొంచెం తల్లీ, అయిపోయింది, ఊపిరి బిగబట్టు, ఇంకొక్కసారి" అని చేపతో మాట్లాడేది. కట్ట మీద ఆడవాళ్లు పమిటలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. కాన్పు గదిలో తమతో అన్న మాటలే అవి.

మా చెరువుకు ఒక కట్టుబాటు ఉంది. వలకు పడ్డది సొసైటీది, గాలానికి పడ్డది పట్టినవాళ్లది. సొసైటీవాళ్లు చేపపిల్లలను తెచ్చి వదిలి పెంచేది బొచ్చె, రవ్వ రకాలు. గాలానికి తగిలేది ఎక్కువగా కొర్రమీను. దాన్ని ఎవరూ తెచ్చి వదలలేదు, అది ఎప్పటినుంచో ఉంది. సంత రోజున అడవి ఊళ్లవాళ్లు గాలాలతో దిగేవాళ్లు. నక్సలైట్ల కోసం ఊరి పక్కన క్యాంపు వేసిన పోలీసులు కూడా లుంగీలు కట్టుకుని వచ్చి వాళ్ల పక్కనే కూర్చునేవాళ్లు. కట్ట దిగితే ఒకరినొకరు చూసి బెదిరేవాళ్లే. కట్ట మీద ఉన్నంతసేపు ఎవరూ ఎవరినీ ఏ ఊరని అడిగేవాళ్లు కాదు.

కొన్నేళ్ల కిందట ఎండాకాలంలో, నీళ్లు బాగా తగ్గినప్పుడు, కొర్రమీనును చెరువులో లేకుండా చేయాలని సొసైటీ అనుకుంది. వదిలిన పిల్లలను అది మింగేస్తోందని వాళ్ల బాధ. ఇప్పగింజల నూనె తీశాక మిగిలే చెక్కను నీళ్లలో కలిపితే చేపలు చస్తాయి. తర్వాత అదే చెరువుకు ఎరువు అవుతుంది. వానలు పడ్డాక కొత్తగా పిల్లలను వదులుకోవచ్చు. చేపల చెరువుల దగ్గర ఇది కొత్త పద్ధతేం కాదు. బడి వరండాలో మీటింగు పెట్టారు. వద్దన్నది సిస్టరమ్మ ఒక్కతే. సెలవుల్లో ఊళ్లోనే ఉన్నాను కాబట్టి నేనూ వెళ్లాను.

"పిల్లల తెచ్చి ఇడుస్తం సిస్టరమ్మా. నెల తిరగకముందే అది మింగుతది. మేం ఎవరికోసం సాదుతున్నట్టు?" అన్నాడు రాములు.

"మీ తాతల కాలంలో కొర్రమీను లేదా? వాళ్ల వలలు ఎండబెట్టుకున్నారా?"

"మా తాతల కాలంల మీ దవాఖానా గుడ లేకుండె. సచ్చినోళ్లు సచ్చిండ్రు, బతికినోళ్లు బతికిండ్రు. మమ్ముల గుడ గట్లనే ఉండమంటవా?"

అందరూ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది ఆమే. ఆ నవ్వు ఆగాక రాములు మెల్లగా అన్నాడు: "మీకిది ఆట సిస్టరమ్మా. మాకు బువ్వ."

ఆమె లేచి చెప్పులు వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే గాలం పట్టుకుని రాములు ఇంటికి వెళ్లింది. అతను పళ్లు తోముకుంటున్నాడు. గాలం తీసుకెళ్లి గోడకు ఆనించి, "ఇది నీ దగ్గరే ఉంచుకో. ఇక నేను గాలం పట్టను. నాకు ఆట లేదు. ఇప్పుడైతే మాట్లాడొచ్చా?" అంది. రాములు తల్లి గాభరాపడి, "అయ్యో, వాడేదో తెలివిలేక అన్నడు సిస్టరమ్మా, మనసుల పెట్టుకోకుండ్రి" అంది. "సరిగ్గానే అన్నాడు. అందుకే తెచ్చాను" అంది సిస్టరమ్మ.

మళ్లీ నిజంగానే గాలం పట్టలేదు.

ఆ ఎండాకాలమంతా పొద్దున పూట గొడుగు వేసుకుని కట్ట మీద కూర్చుంది. ఇప్పచెక్క బస్తాలు ట్రాక్టరు మీద వచ్చాయి. "లేవుండ్రి సిస్టరమ్మా, ఎండ తగుల్తది" అన్నారు. "నేను నీళ్లకు అడ్డం లేనుగా. పోసుకోండి" అంది. వాళ్లు బీడీలు కాల్చుకున్నారు. ట్రాక్టరు చుట్టూ తిరిగారు. చివరికి ఒక ముసలాయన, "ఆమె సూస్తుంటె మందు పొయ్యబుద్ధయితదారా? పోదాం పాండ్రి" అన్నాడు. బస్తాలు మిరప చేలకు ఎరువుగా పోయాయి.

ఇక్కడితో ఆపేస్తే ఆమె గెలిచినట్టు ఉంటుంది. కానీ ఆ ఏడు వలలు చేపలు లేక తేలిగ్గా లేచాయి. వానలు కూడా సరిగ్గా పడలేదు. కొర్రమీను వల్లనేనని కొందరు, వానల వల్లనని కొందరు అన్నారు. రాములు తమ్ముడు పెళ్లాన్ని, పిల్లలను తీసుకుని బొగ్గు గనిలో కూలికి సత్తుపల్లి పోయాడు. కిరాయి ఇంట్లో ఉంటున్నారనీ, చిన్నపిల్లకు ఆ దుమ్ము పడక దగ్గొస్తోందనీ తెలిసిన రోజు సిస్టరమ్మ మా ఇంటికొచ్చి గడపలో కూర్చుంది.

"చదువుకున్నావుగా బిడ్డా, చెప్పు. నేను చేసింది తప్పా?"

"తెలియదు సిస్టరమ్మా" అన్నాను.

"మంచిదే. తెలియనప్పుడు తెలియదనాలి. అన్నీ తెలిసినట్టు మాట్లాడే డాక్టర్లకే నేను భయపడేదాన్ని" అంది. లేచి వెళ్లిపోయింది. అయినా మరుసటి ఎండాకాలం మళ్లీ కట్ట మీదికి వెళ్లింది. ఆ తర్వాతి ఏడూ వెళ్లింది.

అసలు ఎందుకని? నేను ఎన్నోసార్లు అడిగాను. ప్రతిసారీ వేరే జవాబు చెప్పింది. దేవుడు పెట్టినదాన్ని తీయడానికి మనమెవరం అని పాస్టరుగారి ముందు అంది. మరి చెరువు పక్క గుంతల్లో దోమల మందు దగ్గరుండి కొట్టించింది ఆమే. అడవి ఊళ్లవాళ్లు వచ్చి కూర్చోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని ఇంకోసారి అంది. అది నాకు బాగా నచ్చింది, నిజమనే అనుకున్నాను. ఈ వేసవిలో, కట్ట మీద ఆమె పక్కన కూర్చుని ఉండగా, నేను అడక్కుండానే అంది: "తీగకు తగిలినప్పుడు దాని బలం చేతికి తెలుస్తుంది బిడ్డా. కడుపులో పిల్ల కదిలితే తల్లి పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తాం చూడు, అట్లా. నేను పట్టకపోయినా ఫరవాలేదు. అది ఈ నీళ్లలో లేదంటేనే నాకు తోచదు."

మరి ఒకరి తోచకపోవడానికీ ఇంకొకరి బువ్వకూ తూకం వేసేదెలా? ఆమె మీద ప్రేమతో ఆమె పక్షం వహిద్దామంటే సత్తుపల్లిలో దగ్గుతున్న పిల్ల గుర్తొస్తుంది. రాములుదే న్యాయం అందామంటే, సంత రోజు కట్ట మీద వరసగా కూర్చున్న వీపులు గుర్తొస్తాయి. ఆమె ఉన్నంతకాలం రెండువైపులా ఆలోచించడం సులువుగా ఉండేది. ఒక వైపు బరువు ఆమే మోసేది కాబట్టి.

చినుకుల్లోనే సమాధి చేశాం. వలలవాళ్లూ గాలాలవాళ్లూ భుజాలు మార్చుకుంటూ పెట్టె మోశారు. పాట మొదలయ్యాక అడవి ఊళ్లవాళ్లు గేటు బయట నిలబడ్డారు. అయిపోయాక ఒక్కొక్కరే లోపలికొచ్చి పిడికెడు మట్టి వేసి వెళ్లారు.

మర్నాడే చేపపిల్లల వ్యాను వచ్చింది. సొసైటీ ముందే చెప్పి పెట్టిన వ్యాను, ఆపడానికి లేదు. ఇంట్లో ఉండలేక నేనూ చెరువుకు వెళ్లాను. రాములు మోకాలి లోతు నీళ్లలో నిలబడి, చేపపిల్లలున్న ప్లాస్టిక్ సంచులను నీళ్ల మీద తేలేలా పెడుతున్నాడు. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే చల్లదనానికి వచ్చాక మూతి విప్పాలట. విసురువల అతని భుజం మీదే ఉంది.

"అక్కా, గటు సూడు" అన్నాడు.

తుంగ పక్కన నీళ్ల మీద చాపంత మేర ఎర్రగా కదులుతోంది. ముందు ఏవో రాలిన పువ్వులు అనుకున్నాను. పిల్లలు. మిరపగింజలంతేసి ఉన్న వందలాది ఎర్రటి చేపపిల్లలు, గుంపు విడిపోకుండా గాలికోసం పైకొచ్చి మళ్లీ దిగుతున్నాయి. వాటి కింద నల్లటి తల ఒకటి మెల్లగా లేచి, బుడగ వదిలి, మునిగింది.

"తల్లి కొర్రమట్ట. పిల్లల ఇడిచి ఎటూ పోదు. ఇప్పుడు వల ఏస్తె తల్లీ పిల్లలూ అన్నీ ఒక్కదెబ్బకే" అన్నాడు. వల భుజం మీదినుంచి చేతిలోకి వచ్చింది. విసరలేదు. "ఏంజేద్దమంటవక్కా?"

"నాకు తెలియదు రాములూ."

"నాకు గుడ తెల్వదు."

అలాగే నిలబడ్డాడు. తర్వాత వలను మళ్లీ భుజాన వేసుకుని, సంచులను ఒక్కొక్కటే నీళ్లలో తోసుకుంటూ, కట్ట వెంబడి అవతలి తూము వైపు నడిచాడు. తన పిల్లలను దాని నోటికి దూరంగా తీసుకుపోయాడో, దాని పిల్లలను తన వలకు దూరంగా ఉంచాడో అడగలేదు. చినుకులు మళ్లీ మొదలయ్యాయి. చినుకు పడ్డచోటల్లా ఆ ఎర్రటి గుంపు విచ్చుకుంటోంది, మళ్లీ దగ్గరకు చేరుతోంది. కింద ఆ నల్లటి తల గుంపు ఎటు జరిగితే అటు జరుగుతోంది.