ఉల్లిపొర రంగు

ఈ ఉదయం మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఫ్లాస్కు తిప్పుతుంటే, అడుగున లేత గులాబి మరక లేచి, ఒక్క సుడి తిరిగి మాయమైంది. "ఆగు, తొందరెందుకు?" అన్నాను. ఆ మాట నాది కాదు. చేవెళ్ల కాలేజీలో మాకు కెమిస్ట్రీ చెప్పిన సుగుణ మేడంది.

మేడం చీర కొంగులకు ఆసిడ్ తిన్న చిల్లులుండేవి. వాటికి ఏ రంగు దారం దొరికితే ఆ రంగుతో రఫూ చేసుకుని దర్జాగా వచ్చేది. మొయినాబాద్ దగ్గర మాకు గులాబీ తోట ఉండేదని ఆమెకు తెలుసు. "మీ తోటల గులాబి రంగొస్తే లెక్క తప్పినట్టే. ఉల్లిపొర రంగు రావాలె. ఉన్నదా లేదా అని అనుమానం రావాలె. గప్పుడు ఆపు" అనేది.

అది డిగ్రీ పూర్తయిన వాళ్లంతా కంప్యూటర్ కోర్సులకని సిటీ బస్సెక్కుతున్న కాలం. మా బాపుదీ అదే పాట. నాకేమో బ్యూరెట్టు వదలాలని లేదు. సరిగ్గా అప్పుడే కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం ఖాళీ అయింది. మేడం ఎవరి పేరు చెబితే వాళ్లకే. ప్రాక్టికల్ పరీక్ష చూసి చెబుతానంది.

ఇరవై మిల్లీలీటర్ల ఆసిడ్‌లో రంగు నిలవాలంటే ఇరవై మిల్లీలీటర్ల కాస్టిక్ సోడా ద్రావణం పట్టాలి. సీనియర్ల రికార్డులన్నీ అదే చెప్పేవి. నాకు మాత్రం ఇరవై దాటినా రంగు నిలవలేదు, 20.8 దగ్గర నిలిచింది. మళ్లీ చేసినా అంతే. నా చెయ్యే తప్పిందని హడలిపోయి, మూడుసార్లూ ఇరవయ్యే అని రాసేశాను. పక్కనున్న రేణుక అమాయకంగా 20.8 రాసుకుంది.

మేడం నా పుస్తకం చూసి, "జర నా ముందట ఒక్కసారి చెయ్" అంది. ఇరవై దగ్గర ఫ్లాస్కు మంచినీళ్లలాగే ఉంది. 20.8 దగ్గర ఉల్లిపొర రంగు వచ్చింది.

"సోడా సీసకు ఎవరో మూత సరిగ పెట్టలే. గాలి తగిలి బలం తగ్గింది, గందుకే ఎక్కువ పడ్తున్నది. నీ చెయ్యి మంచిగనే ఉన్నది బిడ్డా. నువ్వే నమ్మలే."

అంతకు ముందు వారం ఆ మూత పెట్టింది నేనే. ఏడుస్తూ అదీ చెప్పేశాను. దొంగ అంకెలను బ్లేడుతో గీకబోతే చెయ్యి పట్టుకుంది. "గీకకు. ఒక్క గీత కొట్టు. కింద ఏమున్నదో కనవడాలె. పక్కకు నిజం రాసి సంతకం పెట్టు."

ఉద్యోగం రేణుకకు ఇచ్చింది. ఆ ఎండాకాలమంతా మేడంను తిట్టుకుంటూ కంప్యూటర్ కోర్సుకు తిరిగాను. వానలు మొదలయ్యాక కబురు పెట్టింది. శంకర్‌పల్లి వైపు మందుల ఫ్యాక్టరీలో ల్యాబ్ మనిషి కావాలట. అతికించిన కవరు చేతిలో పెట్టి, "ఇది వాళ్లకియ్యి" అంది.

అక్కడి పెద్దాయన చదివి, నవ్వి, చీటీ నాకే తిరిగిచ్చాడు. "గిసుంటి సిఫారసు నేనెన్నడు చూడలేదమ్మా. రేపటి సంది రా."

నేటికీ అదే ల్యాబ్. పొద్దున కొత్తమ్మాయి రీడింగ్ తప్పు రాసి, వైట్‌నర్ కోసం వెతికింది. సొరుగులోంచి ఆ చీటీ తీసి చూపించాను. "ఈ పిల్ల ఒకసారి దొంగ రీడింగ్ రాసింది. ఇక రాయకపోవచ్చు" అని ఉంది అందులో. 'రాయకపోవచ్చు' మీద ఒక్క గీత. పక్కన 'రాయదు' అని, కింద మేడం సంతకం.