బోణీ కాని రోజు పాట

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై రెండో ఏట, అమెరికాలో మా అమ్మాయి ఉండే పార్సిప్పనీలో, లైబ్రరీ కింది గదిలో పెద్దవాళ్లకు పెట్టిన క్లాసులో. నా పక్కన జమైకా నుంచి వచ్చిన ఒకామె కూర్చునేది. ముసలివాళ్లను చూసుకునే పని ఆమెది. ఆమెకు ఇంగ్లీషు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నాకు రెండూ అంతంతమాత్రం.

ఒక రోజు టీచర్ అందరికీ ఒక పాట కాగితం ఇచ్చింది. నా పక్కనామె దేశపు జానపదం. ఒక తల్లి కాయలు మోసుకుని సంతకు వెళుతుంది. వచ్చినవాళ్లంతా పట్టి చూస్తారు, ఎవరూ కొనరు. ఇంటి దగ్గర పిల్లలున్నారు. అంతే పాట. టీచర్ ఒక్కో చరణం పాడితే, చివరి ముక్క మేమందరం అందుకున్నాం. భాష రానివాడికి కూడా ఆ చివరి ముక్క నోటికి వచ్చేస్తుంది. రాగం ఉయ్యాలలా ఊపుతుంది. రెండోసారికి గదంతా బల్లలు వాయించింది. నేనూ వాయించాను. నా పక్కనున్నామె మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏం, నచ్చలేదా?" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

"మా అమ్మమ్మ పాడేది. ఎవరు కట్టారో ఎవరికీ తెలీదు. సంతకు నడిచే ఆడవాళ్లలో ఎవరో ఒకరు. మా అమ్మమ్మ పాడుతుంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు."

ఆ తర్వాత ఇద్దరం వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కున్నాం. అర్థమయ్యాక నేనూ చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

నేను పద్నాలుగేళ్లు ఆకుకూరల గంప మోశాను. పొద్దున మొదటి బేరాన్ని బోణీ అంటాం. ఆ డబ్బు కళ్లకద్దుకున్నాకే మిగతా బేరాలు. బోణీ కాకపోతే నోట్లో నీళ్లు కూడా పోసుకోబుద్ధి కాదు. కొందరు గంప దింపించి, కట్ట విప్పించి, వేళ్లతో నలిపి, "రేపు రా" అని తలుపేసుకునేవారు. అలా ఒక రోజు మధ్యాహ్నం దాకా తిరిగి, నిండు గంపతోనే ఇంటికి నడిచాను. వెళ్లేటప్పటి బరువు వేరు, వచ్చేటప్పటి బరువు వేరు. నాలుగేళ్ల నా కూతురు గడపలో కూర్చుని ఉంది. ఆ రాత్రి వాడిన గోంగూరను ఉప్పేసి ఉడకబెట్టి పెట్టాను. తింది. మళ్లీ అడిగింది.

ఆ పాట కూడా అలాంటి తిరుగు నడకలోనే పుట్టి ఉంటుంది. అడుగు బరువును మరిచిపోవడానికి పాట కట్టినామె ఊపు పెట్టుకుంటే, ఆ ఊపును మాత్రం లోకం తీసుకుంది.

వసంతంలో నా మనవరాలు స్కూల్ నుంచి అదే పాట తెచ్చింది. కచేరీకి నేర్పిస్తున్నారట. నడుము తిప్పుతూ పాడి చూపించింది.

"అమ్మమ్మా, ఇట్స్ సో ఫన్! నువ్వూ సింగ్ చెయ్."

"అది ఫన్ కాదే బంగారం. ఆమెకు బోణీ కాలేదు."

"బోణీ అంటే?"

చెప్పాను. గంప, నలిపిన కట్టలు, వాళ్లమ్మ కూర్చున్న గడప, అన్నీ. అది డ్యాన్స్ ఆపి, నా పక్కన కూర్చుని విన్నది. కచేరీ రోజు హాలు బయట బోర్డు మీద ఇళ్లలోని కథలు పెడతారట. పెన్సిల్‌తో ఒక కార్డు మీద రాసింది. నేను చదివాను. నా గురించి ఒకరు రాసిన వాక్యాన్ని చదవడం అదే మొదలు. మా అమ్మమ్మ తల మీద గంప పెట్టుకుని ఆకుకూరలు అమ్మింది, అని.

నా కూతురు ఆ కార్డు చూసింది. "స్పెల్లింగ్స్ తప్పులున్నాయమ్మా, నేను నీట్‌గా టైప్ చేసి ప్రింట్ తీస్తాలే" అంది.

కచేరీలో పిల్లలు పాడితే హాలంతా అందుకుంది. తండ్రులు ఫోన్లు పైకెత్తి ఊగారు. ముందు వరుసలో ఒకాయన ఈల వేశాడు. పిల్లలు ఆ బోణీ కాని సంతను ఎంత ముద్దుగా పాడారో చెప్పలేను.

బయట బోర్డు దగ్గర ఆగాను. మనవరాలి పేరు కింద అచ్చు అక్షరాలు. వేలు పెట్టి, పైకే చదివాను. "మై... గ్రాండ్‌మదర్... ఓన్డ్... యాన్ ఆర్గానిక్... ఫామ్."

"అమ్మా, పద. వెనక మా ఆఫీస్ వాళ్లున్నారు."

"ఉండనీ. ఫామ్ అంటే పొలమేగా? నాకెప్పుడే పొలం? కుండీకి సరిపడా మట్టయినా ఉండిందా?"

"అబ్బా, ఇక్కడ అందరూ అలాగే రాస్తారు. గంప, అమ్ముకోవడం, అవన్నీ వీళ్లకి అర్థం కావమ్మా."

"అర్థం కాకుండానే ఇంతసేపూ అంత ఊపుగా పాడారా?"

నా కూతురు కారు తాళం కోసం హ్యాండ్‌బ్యాగ్ వెతుక్కుంది. మనవరాలు ఒకసారి బోర్డు వైపు, ఒకసారి వాళ్లమ్మ వైపు చూసింది.

"మమ్మీ, నేను అలా రాయలేదు" అంది.

"తర్వాత మాట్లాడదాం" అంది నా కూతురు.

ఆ మాట అని రెండేళ్లయింది.