ఉంగరం వేలి మీద గెట్టు పంచాయితీ

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతబడ్డాయి. తెరిచేదాకా ఆడపిల్లను ఇంట్లో ఊరికే ఎందుకు కూర్చోబెట్టాలని మా నాయిన నాకు పెళ్లి చేశాడు. తర్వాత కాలేజీలు తెరిచారు గానీ నా పెళ్లినెవరూ రద్దు చేయలేదు. జనగామలో పీయూసీ చదువుతున్నదాన్ని, మానుకోట దగ్గర మిర్చి తోటలున్న ఇంటికి కోడలినై వచ్చాను. బస్సు బోర్డు మీద మహబూబాబాద్ అని ఉండేది. మా నోటికి మాత్రం అది మానుకోటే.

కొన్నేళ్లకు, ఎండాకాలం తొక్కు పెట్టే రోజుల్లో, మామిడికాయలు కోస్తుంటే జారి కత్తిపీట నా కుడి అరచేతిలో దిగింది. చిటికెన వేలి దిక్కు, మణికట్టుకు దగ్గర్లో. పసుపు అద్ది గుడ్డ కట్టారు. తొక్కులో నెత్తురు పడిందేమోనని మా అత్తమ్మ జాడీ వంక చూసినంత శ్రద్ధగా నా చేతి వంక చూడలేదు. గాయమైతే మానింది. కానీ చిటికెన వేలు, ఉంగరం వేలు మొత్తం, దాని పక్కన మధ్యవేలు ఇవతలి సగం మొద్దుబారిపోయాయి. గిచ్చినా తెలియదు. పొయ్యి మీద గిన్నె తగిలితే, కాలిన వాసన వచ్చాకే చూసుకునేదాన్ని.

మిర్చి ఏరే కాలంలో తండా నుంచి వచ్చే కూలీలకు పెద్ద పెద్ద గంజుల్లో వంట చేయడం కోడలి వంతు. కాలే గంజులు దించే పని ఒక్కటి నాకు తప్పించమన్నాను. నేను అడిగింది అంతే. పని ఎగ్గొట్టడానికి వేషాలని అత్తమ్మ తేల్చేసింది. సరే, అసలు సంగతేదో తేల్చుకుందామని మామ నన్నూ నా భర్తనూ వెంటబెట్టుకొని మానుకోటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆ డాక్టరు బాగా చదువుకున్నవాడు. బల్ల మీద లావుపాటి పుస్తకం, పుస్తకంలో రంగురంగుల చెయ్యి బొమ్మ. నా చేతిని కాసేపు చూశాడు, బొమ్మను చాలాసేపు చూశాడు. పెన్ను తీసి నా ఉంగరం వేలి నడిమధ్యన నిలువుగా గీత గీశాడు. గీతకు చిటికెన వేలి పక్క ఒక నరానిది, అవతలి పక్క ఇంకో నరానిది. తెగింది మొదటిది. కాబట్టి ఉంగరం వేలు సగం మొద్దుబారిందంటే నమ్ముతానని, మిగతా సగమూ మధ్యవేలూ క్షేమంగా ఉన్నాయని తీర్పు చెప్పాడు. క్షేమంగా ఉన్న సగంలో సూదితో పొడిచాడు. నేను కదలలేదు. ఈ పిల్లకు మొండితనం కూడా ఉందని మామతో అన్నాడు.

మామ బతుకంతా పొలం హద్దుల, గెట్ల తగాదాల్లోనే గడిచింది. వేలి మీద గీత చూడగానే ఆయనకు వైద్యశాస్త్రం మొత్తం అర్థమైపోయింది.

"గెట్టుకు ఆ దిక్కు వేరేటోనిది. గాడ నీకేం పని?" అన్నాడు నాతో.

నా వేలిని నేనే కబ్జా చేసినట్టు!

నా భర్త చెడ్డవాడు కాదు. అదే అసలు కష్టం. సగమే మొద్దుబారిందని ఒప్పుకుంటే డాక్టరూ ఊరుకుంటాడు, అమ్మా ఊరుకుంటుంది గదా అని ఇంటికొచ్చాక మెల్లగా నచ్చజెప్పాడు. అంటే నిజం చెబితే అబద్ధాలకోరును, అబద్ధం చెబితే బుద్ధిమంతురాలిని. నాకు ఒళ్లు మండిపోయింది. నా వేలు సంగతి నాకు తెలియదా అని గట్టిగానే అడిగాను.

"అట్లయితే కురవికి పోయి కర్పూరం ఆర్పు," అంది అత్తమ్మ.

మా అత్తగారింట్లో మాట తేలనప్పుడు అదే ఆఖరి కోర్టు. కురవి గుళ్లో వీరభద్రుడి ఎదుట కర్పూరం వెలిగించి, ప్రమాణం చేసి, చేత్తో ఆర్పాలి. మాట నిజమైతే బొబ్బ రాదు. గెట్ల కోసం మామ ఎన్నో కర్పూరాలు ఆర్పాడు, ఒక్కనాడూ బొబ్బ రాలేదు. కాళ్లూ చేతులూ శుభ్రంగా కడుక్కొని, తుడుచుకోకుండా వచ్చి, ఆర్పీ ఆర్పకముందే చెయ్యి తీసేవాడు. భక్తి అంటే అట్లా ఉండాలి.

నాకంత భక్తి లేదు, కోపముంది. పొడి చేత్తో వెళ్లి కర్పూరాన్ని ఆ మొద్దుబారిన వేళ్లతోనే అదిమిపట్టాను. సగం కాదు, వేలు మొత్తం మొద్దుబారిందని ప్రమాణం చేశాను. మంట ఆరిపోయింది. వేళ్లకు ఏమీ తెలియలేదు కాబట్టి తీయాలని కూడా తోచలేదు. గెలిచాననే అనుకున్నాను. ఊళ్లో బస్సు దిగేసరికి ఉంగరం వేలికి ఈ కొస నుంచి ఆ కొస దాకా బొబ్బ లేచింది.

నొప్పి తెలిసిన మనిషి చెయ్యి తీసుకోదా? తెలియకనే కదా కాలింది! ఎవరికి చెప్పను? బొబ్బ వచ్చింది కాబట్టి ప్రమాణం అబద్ధం. పుస్తకం ఒకసారి, దేవుడు ఒకసారి నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాక ఇంక అప్పీలు ఎక్కడిది? నా భర్త బొబ్బకు వెన్న రాస్తూ, జరిగిందేదో జరిగింది, ఇంక ఆ మాట ఎత్తకని బతిమాలాడు. నాకు ఏడుపొచ్చింది. కాలినందుకు కాదు, ఆయన కూడా నమ్మనందుకు. ఆ తర్వాత కూడా ఏటేటా గంజులు నేనే దించాను.

ఎనభైలలో ఆయనకు సర్కారు నౌకరీలో భూపాలపల్లి బదిలీ అయింది. ఒకసారి జనగామలో మా అమ్మగారింటికి వెళ్లినప్పుడు నాకు జ్వరమొస్తే ఒక డాక్టరమ్మకు చూపించాం. నాడి పట్టుకున్నప్పుడు ఆవిడ నా వేళ్ల మీది కాలిన మచ్చలు చూసింది. కళ్లు మూసుకోమని, దూదితో ఒక్కో చోట తాకుతూ తెలుస్తోందా అని అడిగింది. తెలియని చోటు చుట్టూ పెన్నుతో గీసింది. వెనకటి డాక్టరు ముందు గీత గీసి తర్వాత అడిగాడు. ఈవిడ ముందు అడిగి తర్వాత గీసింది. అరచేతిలో ఒక నరం నుంచి ఇంకో నరానికి అడ్డంగా చిన్న కొమ్మ ఒకటి పోతుందట. అది చాలామంది చేతుల్లో ఉంటుందట. నాకు ఆ కొమ్మే అవతలి వేళ్లకు స్పర్శ మోసుకెళ్లేదని, కత్తిపీట తెగ్గోసింది ఆ దారిని కూడా అని చెప్పింది. నా భర్త చేతులు కట్టుకొని అంతా విన్నాడు. డాక్టరమ్మ చెప్పింది కాబట్టి వెంటనే నమ్మాడు.

భూపాలపల్లి బస్సులో నేను కిటికీ పక్కన కూర్చొని బయటికి చూస్తున్నాను. హన్మకొండ దాటాక ఆయన గొంతు విని తిరిగి చూస్తే, నా ఉంగరం వేలు ఆయన చేతిలో ఉంది. ఎప్పటి నుంచి పట్టుకున్నాడో ఏమో. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"గింత ముచ్చట నాకు అప్పుడే చెప్పొద్దా?" అన్నాడు.

చెయ్యి విసురుగా లాక్కున్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది.

"తెలిసిందా? జర నయమైతున్నట్టున్నది," అన్నాడు.