గుట్ట కింది సముద్రం

నా చిన్నప్పుడు మా ఊరికి సముద్రం ఉండేది. చలికాలంలోనే, అదీ పొద్దెక్కే దాకానే. నవ్వకండి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బాటలో, తాడ్వాయి దగ్గరి గుట్టల నడుమ పుట్టినదాన్ని. కళ్లారా చూశాను కాబట్టే చెబుతున్నాను.

ఆ సముద్రాన్ని కనిపెట్టినవాడు మా మేనమామ. అది నిజాం కాలం. ఆయన కామారెడ్డి రైలు స్టేషన్‌కు బండి మీద జొన్నలు తోలేవాడు. బొంబాయి దాకా పోయి ఓడలు చూసివచ్చానని చెప్పుకునేవాడు గాని, ఏనాడూ రైలెక్కిన పాపాన పోలేదని మా బాపు అనేవాడు. కోతలు కొయ్యడం నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.

అప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మ పోయాక నన్ను సాకింది మా అక్క. అక్కకు పెళ్లయి రెండేళ్లయింది. అత్తగారిల్లు నాగిరెడ్డిపేట వైపు, పోచారం చెరువు కింద. ముందటేడు కాపురానికి పంపాలని బండి కడితే, నేను బండి కిందికి దూరి ఇరుసు పట్టుకొని వేలాడాను. నలుగురు లాగినా వదల్లేదు. మంచి వేళ కాస్తా దాటిపోయింది. తీసుకుపోవడానికి వచ్చిన బావ మొహం ముడుచుకొని ఒక్కడే తిరిగిపోయాడు. నా మూలంగా అక్క ఊరందరి చేత మాటలు పడింది. నేను మాత్రం గెలిచినట్టే అనుకున్నాను. నాకు చెప్పకుండా పోనని అక్కతో నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను కూడా. ఈసారి మాఘంలో పంపుతామని బాపు అన్నాడు. అది ఇంకా మార్గశిరమే కదా అని నిశ్చింతగా ఉన్నాను.

ఒక సాయంత్రం మామ వచ్చి, తెల్లారి గుట్టెక్కితే సముద్రం చూపిస్తానన్నాడు. అక్క నాకు తల దువ్వింది. వేసిన జడ నచ్చలేదని విప్పింది, మళ్లీ వేసింది, మళ్లీ విప్పి మూడోసారి వేసింది. చివరికి చిన్న ఇత్తడి చెంబు నా చేతికిచ్చి, “సముద్రం నీళ్లు ఉప్పగుంటయట. నాకు జరన్ని తీస్కరా, రుచి చూస్త” అంది.

కోడి కూయగానే బయలుదేరాం. మామ నన్ను తన గొంగడిలోకి తీసుకున్నాడు. సీతాఫలం చెట్లు ఆకులు రాలి మోడులై ఉన్నాయి. ఫలానా బండ సందులో ఎలుగుబంటి కాపురముందని, దానికి ముగ్గురు కోడళ్లని, పెద్ద కోడలు గయ్యాళిదని చెబుతూ నన్ను నడిపించాడు. పైకి చేరేసరికి తూర్పు తెల్లబడింది.

నిజంగానే సముద్రం. మా ఊరు లేదు, చేలు లేవు. గుట్ట అంచు నుంచి ఆకాశం దాకా తెల్లటి నీళ్లు మెల్లమెల్లగా కదులుతున్నాయి. దూరపు గుట్టలు నడుమ నడుమ తలలెత్తి చూస్తున్నాయి. తాటిచెట్ల మొవ్వులు తేలుతున్నాయి. ఇంతలో కామారెడ్డి దిక్కున ఎక్కడో సన్నగా, పొడుగ్గా కూత వినబడింది. ఓడ వచ్చిందన్నాడు మామ. నేను నమ్మాను. అంతవరకు వచ్చినదాన్ని ఓడ దగ్గర ఆగుతానా?

మరి నీళ్లు ఎలా ముంచుకోవాలని అడిగాను. గొంగడి మీద తుంపర పడింది చూడు, అదే సముద్రమన్నాడు. ఉన్ని మీద నిలిచిన బొట్టుబొట్టూ అరచేత్తో తుడిచి చెంబులోకి రాల్చాను. రెండు గుక్కల నీళ్లయ్యాయి. అక్క ఏమంటుందోనని ఒకటే ఆరాటం.

పొద్దు పొడిచింది. సముద్రం అక్కడక్కడా చిరిగింది. ముందు చెరువు కనబడింది, తర్వాత ఇండ్ల కప్పులు, ఆ తర్వాత ఎల్లారెడ్డి బాట. బాట మీద ఒక గూడు బండి పోతోంది. దాని ఎడమ ఎద్దుకు ఒక కొమ్ము కిందికి వంగి ఉంది. వెనక తలకు తెల్ల రుమాలు చుట్టుకొని ఒక మనిషి నడుస్తున్నాడు.

“అది వేరే ఊరోళ్ల బండి బిడ్డా” అన్నాడు మామ, నేను అడగకముందే.

“మామా, అది మన ఎద్దు. ఎన్కనున్నది బాపు.”

మామ నా చెయ్యి పట్టుకోబోయాడు. నేను పరుగు తీశాను. రాళ్లకు కాళ్లు చీరుకుపోయాయి గాని చెంబు మాత్రం ఒలకనివ్వలేదు. బాట చేరేసరికి తడిసిన దుమ్ములో చక్రాల గీతలే ఉన్నాయి. మామ రొప్పుతూ వచ్చి పక్కన కూలబడ్డాడు.

“నన్నేం చెయ్యమంటవు బిడ్డా. నిన్ను గుట్ట మీదికి తీస్కపొమ్మన్నది మీ అక్కనే. నువ్వు ఏడుస్తే తనకు కాళ్లు కదలవన్నది.”

మామ మోసం చేస్తే కోపం వచ్చేదే, మర్నాటికి పోయేదే. అక్క చేసిందంటే ఏం చెయ్యాలో తెలియలేదు. ఒట్టు తప్పితే తల పగులుతుందని విన్నాను. తడుముకొని చూసుకున్నాను. అక్క మూడుసార్లు వేసిన జడ తప్ప అక్కడ ఇంకేమీ లేదు. చెంబు ఎత్తి ఆ నీళ్లు నేనే తాగేశాను. గొర్రె ఉన్ని వాసన కొట్టాయి.

ఎండాకాలంలో అక్క పుట్టింటికి వచ్చింది. రెండు రోజులు నేను మాట్లాడలేదు. మూడో రోజు జొన్నరొట్టె చేస్తూ, నా వైపు చూడకుండానే, నీళ్లు తెచ్చినవా అని అడిగింది. తాగేశానన్నాను. ఎట్లున్నయంది.

“ఉప్పగున్నయి.”

నేను మనసారా ఆడిన మొదటి అబద్ధం అదే. అక్క చాలాసేపు పొయ్యి ఊదుతూ కూర్చుంది. మంట బాగానే మండుతోంది మరి.

తర్వాత ఎన్ని వందల కోతలు కోశానో లెక్క లేదు. కాని మా ఇంట్లోంచి ఎవరు పోవాల్సి వచ్చినా, ఆ సంగతి అందరికంటే ముందుగా ఇంట్లో చిన్నపిల్లకు నేనే చెబుతాను. మొన్న పెద్ద బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు, చిన్నది వచ్చి బస్సు మెట్టు మీద కూర్చొని లేవనంది. కండక్టర్ కేకలు వేశాడు. అల్లుడు గడియారం చూసుకున్నాడు. చూసుకోనీ అన్నాను. ఆ బస్సు పోయింది. తర్వాతి బస్సు వచ్చే దాకా అక్కాచెల్లెళ్లిద్దరూ పిట్టగోడ మీద కూర్చొని రేగుపండ్లు తిన్నారు. ఊరికే ఉండలేక నేను సముద్రం సంగతి చెప్పాను. నీళ్లు ఉప్పగా ఉన్నాయనే చెప్పాను.